ఇంటివైపు తిప్పిన లైటు

"తీగ మీద తువ్వాలొకటి మర్చిపోయావు," అన్నాడు ఫోనులో భర్త.

ఆమె అప్పుడే పెరట్లోంచి బట్టలు తెచ్చి, మంచం మీద కుప్పగా పోసి, మడతలు పెట్టబోతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వెనక్కి వెళ్ళి చూసింది. నిజమే, నీలం తువ్వాలు తీగ చివర వేలాడుతోంది. ఆయన ఉన్నది బజారులో, తన షాపులో. ఇంటికీ అక్కడికీ మధ్య సగం ఊరుంది. "చూశావా, కెమెరాలో ఎంత స్పష్టంగా కనబడుతోందో! తువ్వాలు పోగులు కూడా లెక్కపెట్టొచ్చు," అని మురిసిపోయాడు. మురిసిపోవడంలో తప్పేం లేదు, ఆయన అమ్మేది ఆ సరుకే మరి.

వీధిలో ఆయన్ని తాళాలాయన అంటారు. తాళాలతో మొదలుపెట్టి ఇప్పుడు కెమెరాలు, ఎవరైనా అడుగుపెడితే గోలపెట్టే గంటలు, పొద్దుగూకగానే తమంతట తామే వెలిగే పెద్ద పెద్ద లైట్లు కూడా అమ్ముతున్నాడు కానీ పేరు మాత్రం మారలేదు. ఆమెను పళ్ళావిడ అంటారు. కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. డాక్టరమ్మ తన క్లినిక్కులో నోటి కొలతలు తీసి పంపిస్తే, ఈమె ఇంటి వెనక గదిలో బల్ల ముందు కూర్చుని, ప్లాస్టరుతో దవడ అచ్చు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కొక్క పన్నే నిలబెడుతుంది. వీధిలో తలుపులన్నీ ఆయన చేతిలో, నోళ్ళన్నీ ఆవిడ చేతిలో అని ఇరుగుపొరుగు ఆటపట్టిస్తుంటారు. ఇంట్లో అత్తగారి నోట్లో ఉన్నవి కూడా కోడలు చేసిన పళ్ళే. ఆవిడ కోడల్ని ఎన్ని మాటలన్నా ఆ పళ్ళతోనే అనాలి. ఇంతమందికి నోళ్ళు తయారుచేసిన మనిషికి ఇంట్లో నోరు పెగలదన్న సంగతి మాత్రం వీధికి తెలియదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఎవరికి చెప్పుకున్నా ముందు అదే అడుగుతారు, కొడతాడా, తాగుతాడా అని. కొట్టడు, తాగడు, గొంతు కూడా పెంచడు. పెళ్ళైన కొత్తలో ఆమె కూరలో ఉప్పు మర్చిపోతే, చుట్టాల ముందు నవ్వుతూ తినేసి, చెయ్యి కడుక్కుంటూ "ఉప్పు అయిపోయిందా ఏంటి, చెబితే తెచ్చేవాణ్ణిగా," అన్నాడు. ఆయన మందలింపులన్నీ ఇలా సాయం వేషంలోనే వస్తాయి. వాటికి ఎదురు చెప్పడం ఎలాగో ఆమెకి ఇంతవరకూ అంతుపట్టలేదు. "నువ్వు ఇంట్లోనే కదా ఉంటావు" అన్నది ఆయనకి బాగా అలవాటైన మాట. ఇంట్లోనే కదా ఉంటావు, గ్యాసు అబ్బాయి వస్తాడు చూడు. ఇంట్లోనే కదా ఉంటావు, అమ్మ కళ్ళలో చుక్కలు వెయ్యి. ఇంట్లోనే కదా ఉంటావు, మా పెద్దమ్మ కోడలు ఆస్పత్రికి వస్తోందట, కాస్త అన్నం పెట్టి పంపించు. లేచిన ప్రతిసారీ బల్ల మీద మైనం గడ్డకడుతుంది. వచ్చి మళ్ళీ కరిగించుకోవాలి. మైనానికి వేడి తగిలించి మెత్తబరిచే ఆ కాసేపట్లో ఆమె ఏమీ ఆలోచించకుండా ఉండటం నేర్చుకుంది.

వేసవి మొదట్లో డాక్టరమ్మ పిలిపించింది. కొత్తగా పెద్ద ల్యాబు పెడుతోంది. "నువ్వొచ్చి కూర్చో. పని నేర్చుకునే పిల్లలు వస్తారు, వాళ్ళని నీ చేతికిందే పెడతాను. మధ్యాహ్నం వచ్చి, చీకటి పడ్డాక వెళ్ళిపో. నాకు తప్ప ఇంకెవరికీ నువ్వు జవాబు చెప్పక్కర్లేదు," అంది. ఆమెకి ఆ రోజు ఇంటికి నడిచి రావడం గుర్తులేదు. కాళ్ళు వాటంతట అవే తీసుకొచ్చాయి. అన్నాలయ్యాక ఆయనకి చెప్పింది.

"నీ ఇష్టం," అన్నాడు ఆయన. "వద్దని నేనెందుకంటాను? కాకపోతే నువ్వొచ్చేసరికి చీకటి పడుతుంది. వెనక సందులోంచి రావాలి. నువ్వొచ్చేదాకా నా ప్రాణం నాలో ఉండదు, అంతే. అయినా నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నాక ఇష్టం చెప్పడానికి ఏం మిగులుతుంది? ఆమె డాక్టరమ్మకి "చెబుతానండీ" అంది. తర్వాత కూడా "చెబుతానండీ" అంటూనే ఉంది. ఈలోగా ఒక సాయంత్రం ఒక పెద్దాయన పళ్ళు బిగుతుగా ఉన్నాయంటే క్లినిక్కుకి వెళ్ళి, వెనక సందులోంచి కొంచెం ఆలస్యంగా వచ్చేసరికి, ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆమె చేతిలో సంచీ అందుకున్నాడు. మర్నాడు షాపులోంచి ఒక లైటూ కెమెరా తీసుకొచ్చి, పెరటి గోడ పక్కనున్న ఇనప స్తంభానికి బిగించాడు.

లైటుని తను నడిచొచ్చే వెనక సందువైపు తిప్పుతాడనుకుంది ఆమె. ఆయన ఇంటివైపు తిప్పాడు. "ఎటు తిరిగినా దొంగ చివరికి రావలసింది తలుపు దగ్గరికే కదా. తలుపు కనబడితే చాలు," అని తర్కం చెప్పాడు. స్టోరు గదిలో ప్లగ్గు పెట్టి, తీగ పైకి లాగడానికి చెక్క సీలింగుకి ఒక చిల్లు వేశాడు. పెంకులకీ సీలింగుకీ మధ్య చీకటి ఖాళీ ఒకటి ఉంది. తీగని అందులోంచి తీసుకెళ్ళి, వెనక తలుపు మీద చూరు కింద ఎప్పటినుంచో ఉన్న సందులోంచి బయటికి లాగాడు. ఉన్న సందు ఉండగా గోడకి కొత్త చిల్లెందుకని. స్టోరు గదిలో వేసిన చిల్లు తీగకి కావలసినదానికన్నా పెద్దదైంది. "తర్వాత పూడుస్తాలే," అన్నాడు. ఇంట్లో ఆయన తర్వాతకి వదిలేసిన పనులన్నిటికీ అదొకటి తోడైంది.

ఆ చూరు కింది సందు ఖాళీది కాదు. అందులో గబ్బిలాలున్నాయి. పండ్లు తినే పెద్దవి కావు, బొటనవేలంత ఉండే చిన్నవి, దోమల్నీ పురుగుల్నీ తినేవి. ఆమె ఈ ఇంటికి కాపురానికి రాకముందు నుంచే ఉన్నాయి. సాయంత్రం పని ముగించి, చేతులకంటిన ప్లాస్టరు కడుక్కుని, రాత్రి వంట మొదలుపెట్టేలోపు ఆమె వెనక మెట్టు మీద కాసేపు కూర్చునేది. వెలుతురు పలచబడి, ఎదుటి గోడ రంగు తెలియకుండా పోయే వేళకి, నెత్తిమీద సందులోంచి ఒకటి జారి కిందికి పడబోయి, పడకుండా ఎగిరిపోయేది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఎవరో గుప్పెట్లోంచి టీపొడి వదిలినట్టు ఆగకుండా వచ్చేవి. ఆ కాసేపూ ఆమెను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. చీకట్లో కూర్చున్న మనిషి కనబడదు కాబట్టి పని చెప్పాలని ఎవరికీ తట్టేది కాదు. రోజు మొత్తంలో ఆమెకి తనదంటూ ఉన్నది అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది కూడా ఎవరో ఒకరు సర్దిపెడతారని భయం.

లైటు వచ్చాక ఆమె మెట్టు మీద కూర్చోవడం మానేసింది. నాటకాల స్టేజీ మీద కూర్చున్నట్టు ఎవరు కూర్చుంటారు? ఇది కూడా ఎవరూ వద్దనలేదు. పొద్దుగూకే వేళకి బయట టక్కుమని చప్పుడయ్యేది, పెరడంతా సున్నం కొట్టినట్టు తెల్లబడేది. వెనక గదిలో కిటికీ దగ్గర ఆరబెట్టిన ప్లాస్టరు దవడల నీడలు ఎదుటి గోడ మీద పడేవి. మనుషుల దవడలే, కానీ ఒక్కొక్కటీ తలుపంత. బల్ల ముందునుంచి ఆమె లేస్తే ఆమె నీడ లేచి వాటి మధ్య నిలబడేది. అందుకని ఆ వేళకి ఆ గదిలో ఉండటం కూడా మానేసింది. వంటింట్లోకి వెళ్ళిపోయేది. వంట త్వరగా అవుతోందని ఇంట్లో అందరికీ బాగానే ఉంది.

ముందు విన్నది అత్తగారు. ఆవిడకి మోకాళ్ళు సహకరించవు, నడిమి గదిలో మంచం మీదే ఎక్కువగా ఉంటుంది. "నా నెత్తిమీద ఎవరో గుసగుసలాడుతున్నారు," అంది ఒక సాయంత్రం.

"ఎలుకలయ్యుంటాయమ్మా," అన్నాడు కొడుకు.

"ఎలుకలు పరిగెడతాయిరా. ఇవి కదలట్లేదు. ఒకచోటే కూర్చుని మాట్లాడుకుంటున్నాయి."

కోడలు ఆ గదిలో నిలబడి చెవి ఒగ్గింది. నిజంగానే ఉంది. సీలింగు చెక్కల వెనక సన్నటి కిచకిచ, ఒకచోట తగ్గితే ఇంకోచోట మొదలవుతోంది. ఏదో అడుగుతున్నట్టు, జవాబు రాక మళ్ళీ అడుగుతున్నట్టు. ఆమె కూడా విన్నానంటే ఆయన నవ్వాడు. "అమ్మకి కళ్ళు ఆనవు, నీకు చెవులు మోగుతున్నాయి. మధ్యలో నా పని బాగుంది," అన్నాడు. రోజులు గడిచేకొద్దీ గుసగుస సన్నబడింది. దాని బదులు ఒక వాసన మొదలైంది. తడిగుడ్డ మూటకట్టి మర్చిపోయినట్టు, అందులో ఇంకేదో కూడా ఉన్నట్టు. ఆమె స్టోరు గదంతా కడిగింది. ఇంట్లో వాసన వస్తే కడగవలసింది ఎవరో అడగక్కర్లేదు కదా.

తర్వాత ఒక సాయంత్రం, బయట లైటు టక్కుమన్న కాసేపటికి, ఆమె వంటింట్లో నిలబడి ఉండగా చెంప మీద గాలి తగిలింది. కిటికీ వేసే ఉంది. తలెత్తితే ఏమీ లేదు. మళ్ళీ తగిలింది. ఈసారి చూసింది. స్టోరు గదిలోంచి వచ్చాయి, చప్పుడు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. వంటింటిని చుట్టి, నడవాలోంచి నడిమి గదిలోకి వెళ్ళి, అత్తగారి మంచం మీదుగా తిరిగి, ముందు గదిలోకి పోయాయి. దేనికీ తగల్లేదు. ముందు కిటికీ అవతల వీధి దీపం. వెనక తలుపు అద్దం అవతల ఆయన లైటు. ఇల్లంతా తిరిగి, ఎక్కడా చీకటి దొరక్క, వచ్చిన దారినే స్టోరు గదిలోకి వెళ్ళి, ఆయన వేసిన చిల్లులోంచి పైకి ఎక్కిపోయాయి. అంతా అయ్యాక కూడా ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. 

"అమ్మాయ్," అని నడిమి గదిలోంచి అత్తగారు నెమ్మదిగా పిలిచింది. "ఎవరే అది? నా మొహం మీద విసనకర్రతో విసిరి వెళ్ళిందెవరు?"

మర్నాడు పొద్దున స్టోరు గదిలో పప్పు డబ్బా మూత మీద ఒకటి కనిపించింది. ఒంటి మీద నూగు కూడా లేదు, ఎండుద్రాక్ష అంత ఉంది. చిల్లులోంచి జారిపడిన గబ్బిలం పిల్ల. చచ్చిపోయి ఉంది. చీపురుతో తోసెయ్యబోయి, ఎందుకో ఆగి, కాగితం మీదికి ఎత్తుకుని తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. భూతద్దం కింద పెట్టి సూదిమొనతో మూతి తెరిచింది. పళ్ళు చూడటం ఆమె పని. పాలపళ్ళున్నాయి. కానీ అవి కొరకడానికి పనికొచ్చే పళ్ళు కావు, లోపలికి వంగిన కొక్కేలు. ఎందుకిలా ఉన్నాయో ఆమెకి అర్థం కాలేదు. అన్ని రకాల నోళ్ళు చూసింది కానీ ఇలాంటి నోరు చూడలేదు.

అటవీశాఖ వాళ్ళ నంబరు వెతికి పట్టుకుని ఫోను చేస్తే, ఇద్దరు ముగ్గురు చేతులు మారి, చివరికి గబ్బిలాల సంగతి తెలిసిన ఒకావిడ గొంతు వినిపించింది. ఈమె ముందు పళ్ళ గురించే అడిగింది.

"తల్లిని పట్టుకోవడానికండీ," అంది ఆవిడ. "పాలు తాగేటప్పుడు ఆ కొక్కేలతో కరిచిపట్టుకుని వేలాడతాయి. తల్లి ఎగిరినా పడిపోకుండా. మరి ఇది పడిపోయిందంటే తల్లిలో పాలు లేవేమో. మీ ఇంటి దగ్గర ఈమధ్య ఏమైనా మారిందా?"

ఆమె లైటు సంగతి చెప్పింది. 

"సందు మీదే పడుతోందా వెలుగు?"

"తలుపు మీద పడుతోంది. సందు తలుపుకి సరిగ్గా పైనే ఉంది. కానీ మేము సందు మూయలేదండీ. తెరిచే ఉంది."

"మూసినట్టే. వెలుతురులోకి వస్తే ఏదో ఒకటి పట్టుకుంటుందని వాటికి పుట్టుకతోనే తెలుసు. ఎంత ఆకలి వేసినా ఆ భయమే గెలుస్తుంది. చీకటి పడిందా లేదా చూసుకోవడానికి సందు చివరిదాకా వస్తాయి. మూతి బయటపెడతాయి. వెలుగు ఉంటే వెనక్కి పోతాయి. కాసేపాగి మళ్ళీ వస్తాయి. మళ్ళీ పోతాయి. పురుగులు ఎక్కువగా తిరిగేది పొద్దుగూకే వేళే. అది దాటిపోయాక బయటికొచ్చినా కడుపు నిండదు. కొన్ని అసలు రావు."

"రాకపోతే?"

"లోపలే ఉండిపోతాయండీ," అంది ఆవిడ. "ఎవరూ తలుపు వెయ్యకపోయినా." తర్వాత గొంతు మార్చి, పిల్లలున్నప్పుడు సందుగానీ చిల్లుగానీ పూడ్చొద్దనీ, లైటు తీసేస్తే బతికినవి వాటంతట అవే వెళ్ళొస్తాయనీ, చేతులతో ముట్టుకోవద్దనీ జాగ్రత్తలు చెప్పింది. ఫోను పెట్టేశాక ఆమె ఆ కాగితాన్ని మడిచి, పెరట్లో మొక్క మొదట్లో కప్పెట్టింది. అప్పుడు పట్టపగలు. అయినా కప్పెడుతున్నంతసేపూ స్తంభం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

షాపుకి సెలవు రోజున సాయంత్రం నడిమి గదిలో టీ ఇస్తూ ఆయనకి చెప్పింది. పిల్ల సంగతి, పాల సంగతి, లైటు సంగతి. ఎంత వివరంగా చెప్పిందో ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఆయన టీ చల్లారకుండా తాగుతూ విన్నాడు.

"అయితే ఎలుకలు కాదన్నమాట," అన్నాడు. "మరి చెప్పవేం? రేపు పొద్దున పనివాణ్ణి రమ్మంటాను. చిల్లు పూడ్చడానికని షాపులోంచి నురుగు డబ్బా ఎప్పుడో తెచ్చి పెట్టాను. ఇలా నొక్కితే అలా ఉబ్బి సందంతా పట్టేసి రాయిలా అయిపోతుంది. చిల్లూ పూడుస్తా, సందూ పూడుస్తా. పీడ వదిలిపోతుంది."

"లోపలున్నవి?"

"అవి లోపలే..." అని, తనే ఆగాడు. "గబ్బిలాల కోసం నిన్ను చీకట్లో పెట్టమంటావా? ఆ లైటు ఎవరికోసం పెట్టాను? నాకోసమా?"

అదీ ఆయన ప్రేమే. ఆమె ఖాళీ కప్పు అందుకుంది. ఆయన మాట మార్చడానికి ఫోను తీశాడు. "లైటంటే గుర్తొచ్చింది. నీకు ఒకటి చూపించాలి. తలుపు దగ్గర ఏది కదిలినా నా ఫోను మోగుతుంది కదా, సాయంత్రమైతే చాలు మోగి మోగి చస్తోంది. కొనేవాళ్ళ ముందు పరువు పోతోంది. బయటికి వస్తే రా, లేకపోతే లేదు. ఏంటిది?"

అత్తగారు కూడా మంచం మీంచి మెడ సాచింది. ఆయన ఫోను ముగ్గురికీ కనబడేలా పట్టుకున్నాడు.

తెర మీద తమ ఇంటి వెనక గోడ. తెల్లటి వెలుగు. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత వెనక తలుపు అరచెయ్యంత తెరుచుకుంది. ఆ సందులోకి ఒక ముఖం వచ్చింది. బయటికి రాలేదు, అంచు దాకా వచ్చి ఆగింది. కళ్ళు చికిలించి పైకి, లైటు వైపు చూసింది. వెనక్కి పోయింది. తలుపు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ ముఖం. మళ్ళీ పైకి చూపు. మళ్ళీ వెనక్కి. "ఇది నిన్నటిది," అని ఆయన వేలితో తోశాడు. "ఇది మొన్నటిది. ఇది అంతకుముందుది." చీర రంగు మారింది. మిగతాదంతా అదే. తలుపు, ముఖం, చూపు, వెనక్కి.

"ఎవర్రా ఆ మనిషి?" అంది అత్తగారు భయంగా. "మనింట్లో దూరిందేంటి?"

"నీ కోడలేనమ్మా!" ఆయన పడీపడీ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆమెకి అవేవీ గుర్తులేవు. గడియ పెట్టానో లేదోనని ఎప్పుడో ఒకసారి చూసినట్టు గుర్తు, అంతే. ఇన్నిసార్లా? రోజూనా? పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, ఎప్పుడు వచ్చి నిలబడింది అక్కడ? తెరలో ఉన్న ముఖానికి ఆమె పోలికలే ఉన్నాయి, ఆమె చీరే ఉంది, కానీ ఆ చూపు ఆమె అద్దంలో ఎన్నడూ చూసుకున్నది కాదు. ఆకలితో ఉన్న చూపు. అప్పుడే, తెర పై అంచున, చూరు కింద సందులో, నల్లటి చిన్న చుక్కలాంటిది కదలడం కనబడింది. ముందుకొచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది. కింద తలుపు తెరుచుకుంది, ముఖం వచ్చింది, వెనక్కి పోయింది. పైన మళ్ళీ అది. ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, ఒకే గోడలో.

ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చాలా ఏళ్ళుగా రావలసిన కోపం, దారి తెలియక ఎక్కడో తిరిగి తిరిగి ఇప్పుడొచ్చినట్టుంది. ఈయన మీదా? ఈయన వద్దన్నది లేదు. డాక్టరమ్మకి చెబుతానంటూ చెప్పనిది తనే. మెట్టు మీద కూర్చోవడం మానేసింది తనే. ఆ వేళకి వంటింట్లోకి వెళ్ళిపోయింది తనే. అన్నీ తనే చేసినట్టుంటాయి, ఒక్కటీ తన ఇష్టం కాదు. ఎంత నేర్పుగా జరిగిందిదంతా, గడియ పెట్టిన చప్పుడు కూడా లేకుండా!

"అలా కొయ్యబారిపోయావేం? తమాషాకి చూపించాను," అంటూ ఆయన లేచి, టేపు తీసుకుని సందు కొలుచుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పొద్దు వాలిపోయింది. ఆయన నిచ్చెన వేసుకుని రెండు మెట్లెక్కేసరికి స్తంభం మీద లైటు టక్కుమని వెలిగింది.

ఆమె స్టోరు గదిలోకి వెళ్ళింది. సీలింగు చిల్లులోంచి తీగ దిగి ప్లగ్గు దాకా వచ్చి ఉంది. ప్లగ్గు పట్టుకుని లాగింది. కొంచెం బిగుసుకుపోయి ఉంది, అయినా వచ్చేసింది. తర్వాత వంటింటి లైటు తీసేసింది. నడవాలో లైటు తీసేసింది. నడిమి గదిలోకి వెళ్ళి స్విచ్చు మీద చెయ్యేసి ఒక్క క్షణం ఆగింది.

"తీసెయ్," అంది అత్తగారు. "వాటినైనా పోనీ. నాకు చీకటంటే భయం లేదు."

ఆమె వెనక తలుపు తెరిచింది. అరచెయ్యంత కాదు, బార్లా తెరిచింది. మెట్టు దిగి పెరట్లో నిలబడింది. ముందు ఏమీ కనబడలేదు. నల్లటి గోడ, దానికి ఆనుకుని నిచ్చెన, దాని మీద భర్త ఆకారం.

"కరెంటు పోయిందా?" అన్నాడు ఆయన.

"లేదు. నేనే తీశాను."

"ఎందుకు? ఏంటి నువ్వు... ఎక్కడున్నావు? కనబడట్లేదు."

ఆయన ఇంకేదో అనబోయేలోపు నెత్తిమీద సందులోంచి ఒకటి రాలింది. రాలిపోయిందే అనుకుంది ఆమె. పడలేదు. ఎగిరింది. కాసేపు ఏమీ లేదు. ఆ ఒక్కటేనేమో, మిగతావి లేవేమో అని భయపడింది. అప్పుడు ఇంకొకటి వచ్చింది. ఇంకొకటి. మునుపటంత లేవు, మునుపటిలా ఆగకుండా రాలేదు, నీరసంగా, ఎడమెడంగా వచ్చాయి. ఒక్కొక్కటీ ఆయన చెవి పక్కనుంచి పోతుంటే ఆయన నిచ్చెన మీద బిగదీసుకుని, తలని మోచేతుల మధ్య దాచుకున్నాడు.

"ఎక్కడున్నావు?" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతులో నవ్వు లేదు. "అక్కడే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానండీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ ప్రశ్నకి ఆమె ఏ గదిలో ఉన్నా, ఏ పనిలో ఉన్నా అడిగిన వెంటనే ఇస్తూ వచ్చిన జవాబు అది. ఆమె మింగేసింది. ఆయనకి చెడు జరగదని ఆమెకి తెలుసు. రెండు మెట్ల ఎత్తు నుంచి దిగితే సరిపోయే చీకటి అది. ఆయన్ని అందులో కాసేపు ఉండనిచ్చింది. ఇంకొకటి ఎగిరింది. ఇంకొకటి. ఆమె ముఖం మీద సన్నగా గాలి తగిలింది.

"సోమవారం నుంచి ల్యాబుకి వెళుతున్నాను," అంది చీకట్లోంచి. "రోజూ వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ లైటు ఇక వెయ్యకండి."

నిచ్చెన కిర్రుమంది. ఆయన తడుముకుంటూ ఒక మెట్టు దిగాడు. అడిగినప్పుడు ఆ గొంతు ఆయనది కానట్టుగా ఉంది.

"మరి నువ్వొచ్చావో లేదో నాకెలా తెలుస్తుంది?"

"తలుపు తీసుకుని లోపలికొస్తాను కదా," అంది ఆమె. "అప్పుడు తెలుస్తుంది."